పట్టు జల్లెడ

ఆయన పోయిన సంగతి నాకు మణవాళనగర్‌లో కూరగాయల బండి దగ్గర తెలిసింది. పక్కన నిలబడి చిక్కుడుకాయలు ఏరుకుంటున్న ఆవిడ భర్త ఒకప్పుడు తిరువళ్ళూరు కాలేజీలో గుమాస్తా. మాటల మధ్యలో ఆవిడ, "మీ టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వస్తా ఉండినాడే, నడస్తానే మాట్లాడే ఫిజిక్సు సారు, ఆయన పోయి నెల దాటిందంట అక్కా. నీకు తెలీదా?" అంది.

తెలీదు. ఏరుకున్న వంకాయలు బండి మీదే వదిలేసి ఇంటికొచ్చాను. ఏడుపు రాలేదు గానీ కాలు ఒకచోట నిలవలేదు. వంటింటి నుంచి వాకిలికి, వాకిలి నుంచి వంటింటికి ఎన్నిసార్లు తిరిగానో. ఆయన్ని తలుచుకోవడం కూర్చుని చేసే పని కాదు.

డెబ్భైల చివర్లో తిరువళ్ళూరు స్టేషనుకు ఎదురు సందులో, ఒక మేడ మీద నేను టైపు నేర్పేదాన్ని. ఆరు మెషీన్లు, ఒక ఫ్యాను. బయటి పని కూడా తీసుకునేవాళ్ళం, ఎక్కువగా కోర్టు కాగితాలు, ఉద్యోగాల దరఖాస్తులు. సారు మొదటిసారి వచ్చినప్పుడు మనిషి కంటే ముందు మెట్లు రెండేసి ఎక్కుతున్న చప్పుడు వచ్చింది. నలభై దాటని మనిషి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కుర్చీ చూపిస్తే దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు తప్ప కూర్చోలేదు. జేబులోంచి మడత పెట్టే చిన్న భూతద్దం తీసి, నా టేబులు మీద పరిచిన గుడ్డ మీద పెట్టి, వంగి చూశాడు.

"అంగుళానికి నలభై పోగులు కూడా లేవుమా. యాడ కొన్నావు?"

"ఇక్కడే, బజార్లో సార్."

"మోసం చేసినాడు వాడు."

అలాంటి అద్దం నేతవాళ్ళ ఇళ్ళల్లో ఉంటుంది. తిరుత్తణిలో ఆయన నాయన మగ్గం నేస్తాడని నాకు అప్పటికి తెలియదు. ఆయన చెప్పలేదు. రోజూ తిరుత్తణి నుంచి రైల్లో వచ్చి ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పి వెళ్ళేవాడు. రైలు పూర్తిగా ఆగకముందే దిగేవాడు. కాఫీ తెప్పిస్తే సగం తాగి, గ్లాసు కిటికీ మీద పెట్టి మరిచిపోయేవాడు. ఆయన నోటి మాట "సీక్రం". ఎవరు ఏం చేస్తున్నా, ఎంత తొందరగా చేస్తున్నా, "సీక్రంమా, సీక్రం" అనాల్సిందే. చేతి గడియారం పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకునేవాడు. "తిప్పింది మీరే కదా సార్, ఇంకెందుకు కంగారు?" అని అడిగాను ఒకసారి. "తెలుసు. అయినా భయపడతా" అన్నాడు.

ఆ రోజు ఆయన తెచ్చింది ఒక దరఖాస్తు ఫారం. మిలిటరీకి పనికొచ్చే పరిశోధనలకు ఢిల్లీలోని రక్షణ శాఖ డబ్బు మంజూరు చేస్తుందట, కాలేజీలవాళ్ళు కూడా అడగొచ్చట. పదహారు పేజీలు, ఆరు కాపీలు కావాలి. విషయం చదివితే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇది ఏం చేసేదానికి సార్?"

ఆయన కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చాడు. "రేడియో విప్పి చూసినావా ఎప్పుడన్నా? లోపల ఎన్ని తీగలు, ఎన్ని సామాన్లు. ఇప్పుడు అదంతా ఒక గోరంత పింగాణీ బిళ్ళ మీద అచ్చేస్తా ఉండారు. పెండ్లి పత్రిక అచ్చేసినట్టే అనుకో. వెండి కలిపిన గుజ్జును సన్నని జల్లెడలోంచి బిళ్ళ మీదికి వత్తేది, కొలిమిలో కాల్చేది. విమానంలో, వైర్‌లెస్‌లో పెట్టేదానికి అదే కావాల. ఆ జల్లెడ స్టీలుది, ఫారిన్ నుంచి రావాల. లైసెన్సు వచ్చేలోపల రెండేండ్లు అయిపోతాది."

"మరి మీరు దేంతో చేస్తారు?"

"పట్టుతో."

డైరీలోంచి అరచేయంత గుడ్డ తీసి వెలుతురుకు పట్టాడు. ఉందా లేదా అన్నట్టుంది. భూతద్దం నా చేతికిచ్చాడు. లోపల చదరపు గళ్ళు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా వంకర లేకుండా. అలాంటి జల్లెడతోనే ఆయన అప్పటికే కెమిస్ట్రీ వాళ్ళ కొలిమి బతిమాలి తీసుకుని ఏడు బిళ్ళలు అచ్చేసి కాల్చాడు. అందులో అయిదు సరిగ్గా పని చేశాయి.

పది రోజులు పట్టింది టైపు. కాగితం ఇచ్చి వెళ్ళిపోయే మనిషి కాదు, పక్కన నడుస్తూ చెప్పేవాడు. మెషీన్లో లేని, కరెంటు లెక్కల్లో వాడే ఓము గుర్తును నేను పెన్నుతో ప్రతి కాపీలో వేస్తే, చిట్టచివరి కార్బను కాపీ కూడా అద్దం పెట్టి చూసేవాడు. జల్లెడ ఎక్కడ దొరికిందో రాయాల్సిన గడి వచ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించి, "స్థానికంగా సేకరించినది" అని కొట్టమన్నాడు. కొట్టాను.

చివరి పేజీల మీద ఆయన సంతకాలు మిగిలాయి. ఆడికృత్తిక పండగకు అమ్మతో తిరుత్తణి వెళుతున్నానంటే, "ఇంటికే తెచ్చేయ్‌మా, కాలేజీకి సెలవు కదా" అన్నాడు. అమ్మను కొండమెట్ల దగ్గర మా పిన్నివాళ్ళతో వదిలి, కావళ్ళ గుంపులకు ఎదురీదుతూ, కాగితాల సంచీ గుండెకు పట్టుకుని ఆ నేతవీధి వెతుక్కున్నాను.

ఇంట్లోకి అడుగు పెట్టగానే చల్లగా తగిలింది. గోడల వెంబడి తడిపిన గోనెపట్టాలు వేలాడదీసి ఉన్నాయి. గుంత మగ్గంలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మగ్గం మీద జానెడు వెడల్పు పడుగు. చూడబోతే అక్కడ ఏమీ లేనట్టే ఉంది. నాడె అటూ ఇటూ పోతుంటే గాలిలో చెయ్యి ఆడిస్తున్నాడేమో అనిపించింది.

"దూరంగా ఉండు తల్లీ, ఊపిరి తగిలినా తెగతాది" అన్నాడు పెద్దాయన, తల ఎత్తకుండా. "ఎండ ఎక్కువైతే పోగు పెళుసవతాది. అందుకే ఈ తడి గోనెలు."

డైరీలోంచి తీసిన ఆ గుడ్డ గుర్తొచ్చింది. సారు వైపు చూశాను. ఆయన నా చేతిలో కాగితాలు లాక్కుని గోడకు ఆనించి సంతకాలు మొదలుపెట్టాడు.

పెద్దాయన పేక ఒకటి వేసి ఆగాడు. "అమ్మా, ఆ కాగితాలు కొట్టింది నువ్వేనా? అందులో మా పేరుండాదా?"

సారు పెన్ను ఎత్తకుండానే అన్నాడు: "ఉండాది నాయనా."

పెద్దాయన తల ఊపి మళ్ళీ నాడె అందుకున్నాడు.

వీధి చివరిదాకా సారు నాతో వచ్చాడు. నేను నడక ఆపాను. "ఎందుకు సార్ అట్ల చెప్పినారు? అందులో లేదు కదా."

"ఇంకేం రాయమంటావు? మా నాయన పంచె కట్టుకొని గుంతలో కూచోని నేసినాడని రాయాల్నా? డిఫెన్సోళ్ళకి?"

"అదే కదా నిజం."

ఆయన నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు. "నీకు తెలీదుమా. చదువు అయినంక మద్రాసులో ఒక ఇంటర్వ్యూకి పోయినా. నాయన ఏం చేస్తాడని అడిగినారు. మగ్గమని చెప్పినా. ఒకాయన, 'మంచి పనే కదా, ఎందుకు వదిలిపెట్టినావు' అన్నాడు. పక్కనోళ్ళు నవ్వినారు. ఆ నవ్వు పదహైదేండ్లుగా నా వెనకాలే వస్తా ఉండాది." కావడి ఎత్తుకున్నవాళ్ళు మా ఇద్దరి మధ్యనుంచి ఊగుతూ వెళ్ళారు. వాళ్ళు దాటాక చూస్తే సారు లేడు.

సోమవారం నేను తాళం తీయడానికి వెళ్ళేసరికి ఆయన మెట్ల మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. "తొమ్మిదో పేజీ మళ్ళీ కొట్టాల. సీక్రం." లోపలికి వచ్చి ఇంగ్లీషులో పెద్ద వాక్యం చెప్పాడు. కొట్టేశాక చదవమన్నాడు. సగం తీసేయించాడు. మళ్ళీ చెప్పాడు, మళ్ళీ సగం తీసేయించాడు. చివరికి మిగిలిన వాక్యం ఇది: జల్లెడను తిరుత్తణిలో మా ఇంటి మగ్గం మీద మా నాయన నేశాడు. కింద పెద్దాయన పేరు.

ఆరు కాపీలూ ఆ రోజే పోస్టులో పడ్డాయి.

తర్వాత ఆయన పడిన అవస్థ చూడలేకపోయాం. కాలేజీ పోస్ట్‌మ్యాన్ ఎప్పుడు బయలుదేరుతాడో, ఏ సందులో తిరుగుతాడో ఆయనకు తెలుసు. దారిలోనే పట్టుకుని అడిగేవాడు. అతను దూరం నుంచే చెయ్యి ఊపడం నేర్చుకున్నాడు. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఇద్దరు ఆఫీసర్లు స్వయంగా వచ్చి చూస్తారట.

వాళ్ళు వచ్చే ముందురోజు ఆయన నన్ను అడిగాడు: "వచ్చేవాళ్ళల్లో పెద్దాఫీసరు ఉత్తరాది మనిషంట. మా నాయనతో మాట్లాడాలంటే ఆయనకి ఇంగ్లీషు రాదు. నేను చెప్తే నా గొప్ప చెప్పుకున్నట్టు ఉంటాది. నువ్వు వచ్చి చెప్తావా?"

వెళ్ళాను. కాలేజీ ప్రయోగశాలలో పది నిమిషాలు. బిళ్ళలు చూశారు, మీటరు పెట్టి కొలిచారు, రాసుకున్నారు. పెద్దాఫీసరు నెమ్మదైన మనిషి, నెరిసిన మీసం. "ఈ జల్లెడ నేసినాయన్ని చూడాలి" అన్నాడు. జీపులో అందరం తిరుత్తణి వెళ్ళాం. దారి పొడుగునా సారు జీపు వెనకాల కమ్మీ పట్టుకుని సగం లేచే ఉన్నాడు.

మగ్గం ముందు పెద్దాఫీసరు బూట్లు విప్పి, నేల మీద కూర్చున్నాడు. అది నాకు బాగా గుర్తు. చాలాసేపు పెద్దాయన చేతులే చూశాడు. తర్వాత అడిగాడు, నేను తెలుగులో చెప్పాను.

"దీనికంటే సన్నగా నేయగలరా?"

"పోగు సన్నంది ఇస్తే నేస్తా."

"ప్రతిసారీ ఇట్లానే వస్తుందా? పోగు ఎంత బిగువుగా లాగాలో ఎట్లా తెలుస్తుంది?"

పెద్దాయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నేను ఇంకోలా అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "చెయ్యి చెప్తాది కదమ్మా."

"ఇంకెవరికన్నా నేర్పారా?"

పెద్దాయన కొడుకు వైపు గడ్డం చూపించాడు. "వీడికి నేర్పినా. చిన్నప్పుడు. నిలవలేదు."

పెద్దాఫీసరు సారు వైపు తిరిగి, మర్యాదగానే, "నాలుగు వరసలు నేసి చూపిస్తారా?" అన్నాడు.

సారు ప్యాంటు మడిచి గుంతలోకి దిగాడు. పెద్దాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. ఒక వరస వెళ్ళింది. రెండోది వెళ్ళింది. మూడోదానికి పడుగులో పోగు తెగింది. చప్పుడేమీ లేదు, అయినా గదిలో అందరికీ తెలిసింది. సారు చేతులు గాలిలోనే ఆగిపోయాయి. పెద్దాయన వంగి, కొడుకు చేతుల మీదుగానే ఆ తెగిన కొసలు పట్టుకుని, వేళ్ళ మధ్య మెలిపెట్టి అతికాడు. చిన్నాఫీసరు నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

నెల తిరక్కముందే ఉత్తరం వచ్చింది. పని మెచ్చదగినదే గానీ, జల్లెడ ఒకే వ్యక్తి చేతి నైపుణ్యం మీద ఆధారపడి ఉంది, మరొకరు తిరిగి చేయలేని పద్ధతికి నిధులు మంజూరు చేయలేమని.

'స్థానికంగా సేకరించినది' అని వదిలేసి ఉంటే మగ్గం దాకా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. "నేను ఊరికే ఉండాల్సింది సార్. నావల్లే పోయింది" అన్నాను.

ఆయన ఉత్తరం చేత్తో పట్టుకుని మెషీన్ల మధ్య సందులో నడుస్తున్నాడు. చివరి మెషీను దగ్గర తిరిగి, "వాళ్ళు రాసింది కరెక్టుమా" అన్నాడు. "నేను దీన్ని పరిశోధన అనుకొన్నా. ఇది మా నాయన పనితనం. నేను దాని మీద గుజ్జు పూసినా, అంతే. మా నాయన చెయ్యి ఎంత లాగతాదో కొలవాల. అది కొలిస్తే ఎవురైనా నేస్తారు."

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆయన మాటల్లో కొలతలు తప్ప ఏమీ లేవు. మగ్గానికి చిన్న తూకపురాళ్ళు కట్టాడు, స్ప్రింగు త్రాసు తగిలించాడు. పెద్దాయన నేస్తుంటే పక్కన నిలబడి ప్రతి వరసకూ అంకె రాసుకున్నాడు. గదిలో తేమ ఎంతుందో కూడా రాశాడు. ఒక ఆదివారం నేను వెళితే పెద్దాయన నాతో మొర పెట్టుకున్నాడు. "నా చేతి పని నాకే నేర్పస్తా ఉండాడమ్మా వీడు. కాస్త చెప్పు. మూడు దినాలుగా ఒక జానెడు కూడా నేయనీలా."

"అయిపాయ నాయనా, ఇంకొక్క వరస" అన్నాడు సారు. ఆ ఒక్క వరస సాయంత్రం దాకా సాగింది.

చివరికి తూకపురాళ్ళు ఎన్ని కట్టాలో, గోనెపట్టాలు ఎప్పుడు తడపాలో అంతా ఒక కాగితం మీదికి వచ్చింది. పక్కింట్లో చీరలు నేసే ఒకామె ఆ కాగితం ప్రకారం జల్లెడ నేసింది. సారు అద్దం పెట్టి చూశాడు. పెద్దాయన్నీ చూడమన్నాడు. పెద్దాయన చాలాసేపు చూసి, "నేను నేసినట్టే ఉండాది" అన్నాడు. సంతోషంగా అన్నాడా, మరోలా అన్నాడా నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వెంటనే లేచి పెరట్లోకి వెళ్ళాడు. సారు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. తర్వాత చాలాసేపు మగ్గం చుట్టూ తిరుగుతూ ఉన్నాడు.

రెండో దరఖాస్తు ఇరవై పేజీలు అయింది. పరిశోధన చేసేవాళ్ళ పట్టికలో తన పేరు, దాని కింద నాయన పేరు రాయించాడు. అర్హత అనే గడి దగ్గర నేను ఆగాను.

"ఏం కొట్టాల సార్?"

"'నేత' అని కొట్టు."

"అంతేనా?"

"ఇంకేం కావాలంట వాళ్ళకి?"

ఈసారి డబ్బు వచ్చింది. అడిగినదానికంటే తక్కువ, ఒక్క ఏడాదికి. ఆ ఏడాది ఆయన సెలవు పెట్టిన రోజే లేదు, ఆదివారం అనేది ఉందన్నదే మరిచిపోయాడు. పెద్దాయన, పక్కింటామె జల్లెడలు నేశారు. సారు కాలేజీలో అచ్చేసి కాల్చాడు. ఏడాది చివర్లో మూడు వందల బిళ్ళలు దూదిలో పెట్టి, సీలు వేసిన పెట్టెలో జీపు ఎక్కించాం. పెట్టె తీసుకెళ్ళినవాళ్ళు ఒక కాగితం మీద సంతకం చేసిచ్చారు. అక్కడితో సరి. ఏ మాటా లేదు.

పెద్దాయన రోజూ అడిగేవాడట. "యాడ పెట్టినార్రా అవి? విమానంలోనా?" తెలీదు నాయనా అనేవాడట సారు. విమానం చప్పుడు వినిపిస్తే పెద్దాయన వాకిట్లోకి వచ్చి నిలబడేవాడట. అది చెప్పగానే సారు, "లెటర్ కొట్టుమా" అన్నాడు. మేము చేసినవి వాడుతున్నారా, వాడితే ఎక్కడ, దయచేసి తెలియజేయండి, మా నాయనకు చెప్పాలి. ఆ చివరి మాట ఉంచాలా వద్దా అని అరగంట నడిచి, ఉంచాడు.

జవాబు రెండు లైన్లు. సామగ్రి వాడుకలో ఉంది. ఎక్కడన్నది తెలపడానికి వీలులేదు.

ఆ ఉత్తరం తీసుకుని ఆయన మధ్యాహ్నం క్లాసు కూడా వదిలేసి తిరుత్తణి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే మా మేడ మెట్లు ఎక్కాడు.

"నాయనకి చెప్పినా. వాడతా ఉండారంట నాయనా అన్నా. యాడరా అన్నాడు. చెప్పరంట అన్నా." కిటికీ దగ్గరికి వెళ్ళి, బయటికి చూస్తూ ఆగాడు. "నవ్వినాడుమా. 'నేను నేసిన చీర యాడ ఎవురు కట్టుకొన్నారో నాకెప్పుడన్నా తెలిసిందా? చినగకుంటే చాలు' అన్నాడు. చెప్పేసి, పోయి అన్నం తినేసి పండుకొన్నాడు."

"మంచి మాటే కదా సార్."

"ఆయనకి చాలింది. నాకు చాల్లేదు." గిర్రున తిరిగి నా మెషీను దగ్గరికి వచ్చాడు. "ఇంకొక లెటర్ కొట్టు. అదే అడ్రసు. యాడ అని ఈసారి అడగొద్దు. చినిగిందా లేదా, అది ఒక్కటి అడుగు. ఎన్ని పని చేస్తా ఉండాయి, ఎన్ని పోయినాయి. అది రహస్యం కాదు కదా?"

కాగితం ఎక్కించి, చివర్లో మా నాయనకు చెప్పాలి అన్న మాటతో సహా అప్పటికప్పుడు కొట్టి ఇచ్చాను. దానికి జవాబు రాలేదు. మరుసటి ఏడు జనవరిలో ఆయన మళ్ళీ వచ్చి అదే ఉత్తరం కొట్టించుకున్నాడు. ఆ పై ఏడు కూడా. పెద్దాయన చనిపోయిన ఏడు సారు రాడేమో అనుకున్నాను. గుండు మీద అప్పుడే జుట్టు మొలుస్తోంది, వచ్చాడు. మా నాయనకు చెప్పాలి అన్న మాట తీసేయాలా అని అడిగాను.

"ఉండనీ" అన్నాడు. తేదీ ఒక్కటే మార్చాను.